మధ్యయుగపు గుడారం సొంతంగా కుట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

యూరప్, అమెరికాల్లో జరిగే మధ్యయుగ రీఎనాక్ట్‌మెంట్ శిబిరాలకు (ఆనాటి వేషాలు వేసుకుని ఆ కాలపు జీవితాన్ని మళ్ళీ ప్రదర్శించేవి) గుడారం తామే కుట్టుకోవాలనుకునేవాళ్ళు అడిగే సందేహాలు చాలావరకు ఒకేలాంటివి. వాటిని పని జరిగే వరసలో ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్న నుంచైనా చదవొచ్చు. గుడారాన్ని నిలబెట్టేది కర్రలకంటే ఎక్కువగా బట్టలోని బిగువే. ఆ బిగువు కొలతల దగ్గరే ఖాయమవుతుంది. అందుకే కత్తెర పట్టేముందు కాగితం మీద ఎంతసేపు కూర్చుంటే అంత మంచిది.

## ఏ గుడారం?

ఇదే నా మొదటి గుడారం. దేనితో మొదలుపెట్టాలి?

రెండువైపులా వాలు ఉండే సాదా గుడారంతో. ముందొక నిట్రాడు, వెనకొక నిట్రాడు, వాటి మీద అడ్డంగా ఒక వెన్నుగాడి, దాని మీంచి రెండుపక్కలా నేలదాకా దిగే బట్ట. అంతే సామాను. కోతలన్నీ సరళరేఖలే, కాబట్టి పొరపాటు జరిగినా సరిదిద్దుకోవచ్చు. మధ్యయుగపు చిత్రాల్లో సామాన్య సైనికుల తావుల్లో ఇలాంటివి బాగా కనిపిస్తాయి. గుండ్రటి పెవిలియన్ (నడి కర్ర, చుట్టూ నిలువు గోడ, పైన శంఖాకారపు కప్పు ఉన్న గుడారం) చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ, దానికి బట్ట రెండింతలకు పైగా పడుతుంది, కుట్టు నాలుగింతలు.

నాది పదో శతాబ్దపు వైకింగ్ వేషం. గుండ్రటి పెవిలియన్ వేసుకోవచ్చా?

వేయనివ్వని శిబిరాలు తక్కువే, కానీ అది ఆ వేషానికి నప్పదు. నార్వేలో 1904–05లో తవ్విన ఓసెబెర్గ్ ఓడ సమాధిలో గుడారపు చట్రాలు దొరికాయి. ఆ ఖననం 834 నాటిది. 1880లో తవ్విన గోక్‌స్టాడ్ ఓడలోనూ అలాంటి పలకలు బయటపడ్డాయి. రెండు కొసల్లోనూ ఏటవాలు పలకలు పైన కత్తెరలా దాటుకుంటాయి, దాటిన కొసలకు జంతువుల తలలు చెక్కి ఉంటాయి, నేలమీదా పైనా అడ్డకర్రలు వాటిని కలుపుతాయి. దీనికి బయటి తాళ్ళు అక్కర్లేదు, రాతినేల మీద కూడా నిలుస్తుంది. ఇబ్బందల్లా చెక్క బరువూ పొడవూ. కారు పైన క్యారియర్ లేకపోతే మోసుకుపోవడం కష్టం.

13వ శతాబ్దం నుంచి గుండ్రటి గుడారాలకు చిత్రాల ఆధారం పుష్కలం. 15వ శతాబ్దానికైతే ఎంచుకోవడమే కష్టమయ్యేంత. ఇటలీలోని అరెజ్జో చర్చిలో చిత్రకారుడు పియెరో డెల్లా ఫ్రాంచెస్కా గీసిన, రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కల కుడ్యచిత్రంలో నడి కర్ర, శంఖాకారపు కప్పు, తెరలా తీసిన తలుపు స్పష్టంగా కనిపిస్తాయి. కుట్టబోయే ముందు ఆ బొమ్మను కాసేపు పరీక్షగా చూడండి.

షాపుల్లో దొరికే బెల్ టెంట్ కొనేస్తే సరిపోదా?

దూరం నుంచి చూస్తే సరిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ ఆకారం 19వ శతాబ్దపు సైనిక గుడారాలది. అలాంటిదే అయిన సిబ్లీ సైనిక గుడారానికి అమెరికాలో పేటెంట్ వచ్చింది 1856లో. బెల్ టెంట్ గోడ మోకాలెత్తు, కప్పు దాదాపు నేలదాకా. మధ్యయుగపు పెవిలియన్ గోడ మనిషెత్తు. కొన్నదే వాడాల్సివస్తే జిప్పు మీద బట్ట పట్టీ కుట్టి కట్టుముడులు పెట్టండి, ప్లాస్టిక్ నేలను చాపతో కప్పండి, నైలాన్ తాళ్ళు మార్చండి. ఈ మూడు మార్పులతోనే చాలా తేడా వస్తుంది.

తెలుగువాళ్ళం. మన వైపు డేరా వేసుకోవడానికి వీలుందా?

శిబిరాన్ని బట్టి. 1485 నాటి ఇంగ్లండ్‌నో, 1410 నాటి పోలండ్‌నో చూపించే కార్యక్రమంలో కుదరదు. 1966లో కాలిఫోర్నియాలో మొదలైన రీఎనాక్ట్‌మెంట్ సంఘం సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం లాంటి వాటిలో 17వ శతాబ్దానికి ముందున్న భారతీయ వేషాలకూ చోటుంది. ఆ సంఘం పెన్సిల్వేనియాలో జరిపే పెన్సిక్ వార్ అనే శిబిరంలో కనాతులు (డేరా చుట్టూ కట్టే బట్ట గోడలు) కట్టుకోవచ్చు.

ఆధారాల సంగతి వేరు. రాయచూరు దండయాత్రలో కృష్ణదేవరాయల డేరా చుట్టూ ముళ్ళకంచె వేసి, ఒకటే దారి ఉంచేవారని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాశాడు. అది విడిది గురించి చెబుతుంది గానీ కోత గురించి కాదు. కోత కావాలంటే అక్బరు కాలపు చిత్రాలు చూడాలి. నలుచదరపు డేరా, చుట్టూ వెదురు బద్దలు తొడిగిన కనాతులు. ఈ కనాతులు కుట్టడం చాలా తేలిక: 1.8 మీ. ఎత్తు బట్టకు మీటరుకొకటి చొప్పున నిలువు గొట్టాలు కుట్టి వెదురు దూర్చడమే.

ఎంత పెద్దది కావాలి?

ఇద్దరికి 2.4 మీ. వెడల్పు, 2.9 మీ. పొడవు చాలు. పరుపులూ ఒక పెట్టే పడతాయి. 4 మీ. అడ్డకొలత ఉన్న గుండ్రటిదాంట్లో ముగ్గురు హాయిగా ఉంటారు. అయితే తాళ్ళకు కావలసిన చోటు మరిచిపోకండి. చూరు 1.8 మీ. ఎత్తుంటే మేకులు గోడ నుంచి అంతే దూరంలో పడతాయి, అంటే 4 మీటర్ల గుడారం 7.6 మీటర్ల నేల తింటుంది. పెద్ద శిబిరాల్లో స్థలం మనిషికింత అని కొలిచి ఇస్తారు. మీ కారులో పట్టే కర్ర పొడవు కూడా ఇప్పుడే కొలవండి.

## బట్ట

కాన్వాస్ ఎంత మందం తీసుకోవాలి?

చదరపు మీటరుకు 300 నుంచి 350 గ్రాముల నూలు కాన్వాస్. 250కి తగ్గితే గట్టి వానకు లోపల తుంపర పడుతుంది, గాలికి చిరుగుతుంది. 400 దాటితే మోయలేరు, మామూలు మిషన్ కుట్టలేదు. ఒకే బరువున్న రెండు బట్టల్లో నేత దగ్గరగా ఉన్నదే కొనండి. వెలుతురుకు ఎత్తిపట్టినప్పుడు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే వదిలేయండి.

అసలైనది నార బట్ట కదా, నూలు వాడితే తప్పా?

యూరప్‌లో గుడారాలకు ఎక్కువగా వాడింది అవిసె నార, హెంప్ (గంజాయి జాతి మొక్క) నార బట్టలే. కానీ ఆ మందంలో నార బట్ట ఖరీదు చాలా ఎక్కువ. దూరం నుంచి నూలుకూ దానికీ తేడా పట్టుకోవడం కష్టం. కప్పు నూలుతో కుట్టి, పైన జాలరూ తలుపు తెరలూ నారతో కుట్టడం మంచి మధ్యేమార్గం. పూర్తి పాలియెస్టర్ మాత్రం వద్దు. ఎండలో మెరుస్తుంది, లోపల ఆవిరి నీరై కారుతుంది, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

రెండు వాలుల గుడారానికి ఎన్ని మీటర్లు పడుతుంది?

ఎత్తు 2.1 మీ., వెడల్పు 2.4 మీ., పొడవు 2.9 మీ. అనుకుందాం. వాలు పొడవుకు పైథాగరస్ లెక్క చాలు: 2.1, 1.2ల కర్ణం 2.42 మీ. రెండుపక్కలా కలిపి 4.84, కింది మడతలతో 5 మీ. బట్ట పన్నా 1.5 మీ. అయితే అలాంటివి రెండు ముక్కలు, 10 మీ. ముందూ వెనకా ఒక్కోవైపు రెండు లంబకోణ త్రిభుజాలు. 1.27 మీ. వెడల్పు, 2.3 మీ. పొడవు ముక్కను మూలగా కోస్తే ఒకవైపుకు సరిపోతాయి. రెండు వైపులకు 4.6 మీ. పన్నాలో మిగిలే 23 సెం.మీ. పట్టీ తలుపు రెక్కలు ఒకదాని మీదొకటి వచ్చేందుకు పనికొస్తుంది. అతుకులకూ కుంచించుకుపోవడానికీ కలిపి 17 మీ. కొనండి. బట్ట బరువు 9 కిలోల లోపే.

కుట్టేముందు బట్ట ఉతకాలా?

ఏ పూతా లేని నూలయితే తప్పకుండా నీళ్ళలో ముంచి ఆరేయాలి, అది పొడవు వైపు ఎక్కువ కుంచించుకుపోతుంది. ఒక మీటరు ముక్క తడిపి, ఆరబెట్టి, కొలిచి చూస్తే ఎంత తగ్గుతుందో తెలిసిపోతుంది. నీళ్ళు అంటని పూత మిల్లులోనే వేసిన కాన్వాస్‌ను ఉతకకండి, పూత పోతుంది.

ఇండియాలో కుట్టించి తెప్పించుకుంటే చవక కదా?

బట్ట వరకూ అవును. కాన్పూర్ లాంటి చోట డేరాల తయారీ పాత పరిశ్రమే. అయితే 'మధ్యయుగపు గుడారం' అని చెబితే పెళ్ళి పందిరి వస్తుంది. ప్రతి ముక్కకూ కొలతల బొమ్మ, చదరపు మీటరుకు గ్రాములు, అంగుళానికి ఎన్ని కుట్లు, ఏ దారం అన్నీ రాసి పంపాలి. ముందు ఒక గజం నమూనా తెప్పించుకోండి. కర్రలు మాత్రం మీరున్నచోటే కొనండి. చెక్క దిగుమతికి పురుగుల తనిఖీ నిబంధనలు ఉంటాయి, రవాణా ఖర్చు కర్ర ధరను మించుతుంది.

## కోత, కుట్టు

గుండ్రటి కప్పుకు కలీలు ఎలా లెక్కకట్టాలి?

లంగాకు కలీలు వేసినట్టే: పైన సన్నం, కింద వెడల్పు, అన్నీ ఒకే కొలత. చూరు దగ్గర వ్యాసార్ధం 2 మీ., చూరు నుంచి శిఖరానికి 1.5 మీ. ఎత్తు అనుకుంటే వాలు సరిగ్గా 2.5 మీ. అవుతుంది. చూరు చుట్టుకొలత 12.57 మీ. దాన్ని 14 కలీలుగా పంచితే ఒక్కోటి కింద 90 సెం.మీ., కుట్టుకు 3 సెం.మీ. కలిపి 93. రెండు కలీలను తలకిందులుగా పక్కపక్కన పేరిస్తే 1.41 మీ. అవుతుంది, 1.5 మీ. పన్నాలో ఇముడుతుంది. 14 అనే అంకె ఎంచుకున్నది అందుకే. 12 కలీలయితే జంట పన్నా దాటిపోయి సగం బట్ట వృథా. ఏడు జంటలకు 2.6 మీ. చొప్పున 18.2 మీ.

గోడకు 1.8 మీ. ఎత్తు, తలుపు మీద మీద పడే భాగంతో 12.9 మీ. చుట్టు. అది తొమ్మిది నిలువు ముక్కలు, 18 మీ. నేల పట్టీ, అతుకులు కలిపి మొత్తం 40 మీ. బట్ట బరువు 20 కిలోలు.

కలీ కింది అంచు దగ్గర చాలామంది తప్పుతారు. ప్రతి అతుకుకూ తాడు కట్టి లాగే గుడారమైతే చూరు 14 పలకలుగా నిలుస్తుంది, అంచు తిన్నగా కోయాలి. చూరులో గుండ్రటి బద్ద తొడిగితే అంచు వంపుగా, మధ్యలో 4 సెం.మీ. కిందికి దిగేలా కోయాలి. బద్దకు తిన్నటి కోత పెడితే ప్రతి కలీ మధ్యలో గోడ పైకి లేచి సందు పడుతుంది.

ముందుగా పాత దుప్పట్లతోనో కాగితంతోనో పదో వంతు నమూనా చేసి చూడండి.

ఇంట్లో మిషన్‌తో కుట్టొచ్చా?

లోహపు గేర్లున్న పాత మిషన్లు కుడతాయి. ప్లాస్టిక్ గేర్లవి మడతలు దాటే చోట ఆగిపోతాయి. బరువు మోసే అతుకులన్నీ రెండు అంచులను ఒకదానిలో ఒకటి మడిచి రెండు వరసలు కుట్టాలి కాబట్టి సూది నాలుగు పొరలు, అడ్డకుట్టు దగ్గర ఇంకా ఎక్కువ పొరలు దాటాలి. అలాంటిచోట చక్రాన్ని చేత్తో తిప్పండి. అసలు కష్టం సూదిది కాదు, బట్ట బరువుది. మిషన్ పక్కనా వెనకా బల్లలు వేసి బట్టను ఆనించకపోతే అది కిందికి లాగి కుట్టు వంకరపోతుంది.

ఏ సూది, ఏ దారం, ఎంత కుట్టు?

100 లేదా 110 నంబరు సూది. లోపల పాలియెస్టర్, పైన నూలు చుట్టిన దారం ఉత్తమం: పాలియెస్టర్ బలమిస్తుంది, నూలు తడికి ఉబ్బి సూది రంధ్రాన్ని పూడుస్తుంది. కుట్టు 3 నుంచి 4 మి.మీ. అంతకన్నా చిన్నగా కుడితే బలం పెరగదు. దగ్గరదగ్గర రంధ్రాలు పడి లాగినప్పుడు ఆ గీత వెంటే చిరుగుతుంది. కప్పు మీద అడ్డంగా వచ్చే అతుకుల్లో మడత నోరు కిందికి చూడాలి, లేకపోతే వాన నీళ్ళు అందులో నిలుస్తాయి.

తలుపు వైపు త్రిభుజం సాగి జారిపోయింది. ఎందుకు?

ఏటవాలు కోత పడుగుకూ పేకకూ మధ్య నడుస్తుంది, ఆ అంచు రబ్బరులా సాగుతుంది. దాన్ని ఎప్పుడూ తిన్నటి అంచున్న ముక్కకే కుట్టాలి. కోసిన వెంటనే పొడవు కొలిచి, రెండు ముక్కల మీదా 20 సెం.మీ.కొక గుర్తు పెట్టి, గుర్తుకు గుర్తు కలిపి గుండుసూదులు గుచ్చాలి. మిషన్ మీద ఏటవాలు ముక్క కిందవైపు ఉంటే సాగడం తగ్గుతుంది. ఇప్పటికే సాగినదాన్ని విప్పి, నడుముపట్టీ లాంటి సాగని పట్టీ అంచులో పెట్టి మళ్ళీ కుట్టడమే దారి.

శిఖరం దగ్గర 14 అతుకులు ఒకచోటికొచ్చి గుట్టలా పడుతున్నాయి

కలీలను కొసదాకా తేవద్దు. పైన 3 సెం.మీ. వెడల్పు ఉండగానే ఆపితే మధ్యలో చిన్న గుండ్రటి ఖాళీ మిగులుతుంది. లోపలివైపు 25 సెం.మీ. అడ్డకొలత గల గట్టి తోలు బిళ్ళ, పైన 30 సెం.మీ. వాలున్న బట్ట టోపీ వేసి కుట్టండి. గుడారం బరువంతా ఆ బిళ్ళ మీదే పడుతుంది. నడి కర్ర మేకు దూరే రంధ్రం తోలులోనే ఉండాలి, బట్టలో కాదు.

తాళ్ళు కట్టేచోట బట్ట చిరుగుతోంది

తాడు లాగాల్సింది అతుకునే గాని ఉత్త బట్టను కాదు. చూరు లోపల 5 సెం.మీ. వెడల్పు నూలు నవారు చుట్టూ కుట్టి, ప్రతి అతుకు దగ్గరా దానికే ఉచ్చు పెట్టండి. చేత్తో కుట్టిన కాజాలు కావాలంటే రంధ్రాన్ని కత్తిరించకుండా మొనదేలిన పుల్లతో దారాలను పక్కకు నెట్టి చుట్టూ మైనపు దారంతో కుట్టాలి. దారాలు తెగలేదు కాబట్టి ఆ కాజా ఇత్తడి రింగుకంటే ఎక్కువ కాలం ఉంటుంది.

## కర్రలు, తాళ్ళు, మేకులు

కర్రలు ఏ చెక్కవి, ఎంత లావు?

కణుపులు లేని స్ప్రూస్, పైన్, యాష్. 3.3 మీ. నడి కర్రకు 6 నుంచి 7 సెం.మీ. అడ్డకొలత. వెన్నుగాడి మాత్రం గుండ్రటిది వద్దు, 4×9 సెం.మీ. బద్దను నిలువుగా పెట్టండి. వంగకుండా తట్టుకునే శక్తి లోతుకు ఘనంగా పెరుగుతుంది, అందుకే అదే బద్ద పడుకోబెడితే వంగిపోతుంది. మూలలన్నీ గుండ్రంగా రుద్దాలి, పదును అంచు తడి బట్టను కోస్తుంది. రెండు ముక్కల కర్ర చేస్తే 30 సెం.మీ. ఇనుప గొట్టం తొడగండి. 15 సెం.మీ. గొట్టం గాలికి ఊగి ఊడిపోతుంది.

పాలిష్‌కు అవిసె నూనె మంచిదే. కానీ ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే తమంతట తామే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళలో ముంచాలి.

తాళ్ళు ఏవి వాడాలి?

8 నుంచి 10 మి.మీ. హెంప్ తాడు. తడిస్తే పొట్టిబడుతుంది, వాన మొదలుకాగానే ప్రతి తాడూ కొంచెం వదులు చేయాలి. లేకపోతే మేకు ఊడుతుంది, మేకు గట్టిదైతే బట్ట చిరుగుతుంది. రంధ్రాలున్న చెక్క బిళ్ళతో బిగువు మార్చుకోవచ్చు. కొస రెండుగా చీలి చూరును రెండుచోట్ల పట్టే తాళ్ళు కొన్ని పాత చిత్రాల్లో కనిపిస్తాయి. వాటితో మేకులు సగమవుతాయి, లాగుడు కూడా సమంగా పంచుకుంటుంది.

మేకులు ఊడిపోతున్నాయి

తాళ్ళ మేకులు 40 సెం.మీ., గోడ మేకులు 20 సెం.మీ. ఉండాలి. మేకు తల గుడారానికి అవతలివైపు వాలాలి, తాడూ మేకూ లంబంగా ఉండాలి. మెత్తని నేలలో ఒకదాని వెనక ఒకటి రెండు కొట్టి కలిపి కట్టండి. తల కాలికి తగిలేలా బయటికి వదలకండి, రాత్రి నడిచేవాళ్ళకు ప్రమాదం.

## ఎత్తడం, వాన, గాలి, నిప్పు

గుండ్రటి గుడారం ఎత్తే వరస ఏమిటి?

నడిమ ఒక మేకు కొట్టి 3.8 మీ. తాడుతో వృత్తం గీసి, 1.7 మీ.కొకటి చొప్పున 14 మేకులు సగం దాకా దిగ్గొట్టండి. బట్ట పరిచి, తలుపు గాలికి ఎదురుగా లేకుండా తిప్పి, ఎదురెదురుగా నాలుగు తాళ్ళు వదులుగా తగిలించండి. ఒకరు లోపలికి వెళ్ళి కర్ర నిలబెడతారు, ఇద్దరు బయట ఆ నాలుగూ బిగిస్తారు. కర్ర కింద చెక్క పలక పెట్టాలి, లేకుంటే వానకు నేలలో దిగి కప్పు మొత్తం వదులవుతుంది. మిగతా తాళ్ళు ఎదురెదురు జంటలుగా బిగించి, గోడ చివర్లో తగిలించండి. గోడ ముందే కట్టేస్తే ముడతలు ఎక్కడివో పట్టుకోలేరు.

కొత్త గుడారం మొదటి వానకే కారింది. బట్ట చెడ్డదా?

కాకపోవచ్చు. కొత్త నూలు ఇంకా సర్దుకోలేదు. శిబిరానికి ముందే పెరట్లో వేసి, పైపుతో బాగా తడిపి, పూర్తిగా ఆరనిచ్చి, ఇలా రెండు మూడుసార్లు చేయండి. పోగులు ఉబ్బి, తగ్గి, నేతా సూది రంధ్రాలూ మూసుకుంటాయి. ఆ తర్వాతా ఒకేచోట కారుతుంటే ఆ గీత మీద తేనెమైనం రుద్దండి. కప్పంతా మైనం పూయడం మాత్రం ప్రమాదం, బరువు పెరుగుతుంది, మంటకు చమురవుతుంది. వాన పడుతుండగా పెట్టెలూ తలా బట్టకు ఆనకూడదు. ఆనిన చోట నీళ్ళు లోపలికి దారి చేసుకుంటాయి.

లోపల దీపం, కుంపటి పెట్టుకోవచ్చా?

కుంపటి ఎప్పుడూ వద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దీపం కావాలంటే గాజు లాంతరులో బ్యాటరీ కొవ్వొత్తి. వంట మంట గుడారానికి కనీసం 3 మీ. దూరంలో, గాలి వాలున. తలుపు దగ్గర నీళ్ళ బక్కెట్, మంటలార్పే సిలిండర్ ఉంచండి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో గుడారపు బట్టకు సీపీఏఐ-84 అనే మంట నిరోధక ప్రమాణం అడగొచ్చు, బట్ట కొనేటప్పుడే కనుక్కోండి. బోరాక్స్ లాంటి ఉప్పు ద్రావణాలు వానకు కొట్టుకుపోతాయి, మళ్ళీ పట్టించాల్సిందే.

గాలివాన, ఉరుములు వస్తే?

గాలి ఎదురొచ్చే వైపు తలుపు మూసి, ఆ వైపు తాళ్ళ మేకులకు జంట మేకులు వేయండి. గుడారం నేల విడిచి లేస్తోందంటే ఆలస్యం చేయకుండా నడి కర్ర దించి బట్టను నేలకు పరచండి. బట్ట మిగులుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు. పిడుగు నుంచి ఏ గుడారమూ కాపాడదు, కారులో కూర్చోవాలి.

## దాచిపెట్టడం

ఆదివారం వానలోనే మడవాల్సి వచ్చింది. ఏం చేయాలి?

ఇంటికి రాగానే, ఎంత అలసిపోయినా, విప్పి వేలాడదీయండి. తడి నూలు ఒకటి రెండు రోజుల్లోనే బూజు పడుతుంది, ఆ నల్లమచ్చలు పోవు. గ్యారేజీలో తాళ్ళు కట్టి, ఫ్యాన్ పెట్టి, అతుకులూ నేల పట్టీ చేత్తో తడిమి చూడండి. చివర ఆరేవి అవే. బురద ఎండాక మెత్తని బ్రష్‌తో దులపాలి. సబ్బు పూతను తీసేస్తుంది, బ్లీచ్ పోగులను బలహీనం చేస్తుంది. గాలాడే నూలు సంచిలో, నేలకు ఎత్తుగా, ఎలుకలకు దూరంగా పెట్టండి. చలికాలంలో ఒకసారి తీసి వేరే మడతల్లో మడిచిపెడితే మడత గీతల దగ్గర బట్ట చివకదు.